తాడు పట్టిన వాళ్లందరికీ

మా బడి పిల్ల పరీక్షలో కాపీ కొట్టిందని ఎవరైనా నా ముందర అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల ఎవరి పేపరూ చూడలేదు. తన పేపరు చూపించింది. రెండూ ఒకటేనంటారు బాగా చదువుకున్నవాళ్లు. కాదు. ఆ ఊళ్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలుసు.

నేను పుట్టి పెరిగింది మనుబోలు దగ్గర, వరి తప్ప ఇంకోటి ఎరగని ఊళ్లో. టీచరుద్యోగం వస్తే వాకాడు అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాళెంలో బడికి వేసినారు. చేపల వాసన నాకు గిట్టదు. మొదటిరోజే బడి వెనక్కి పరిగెత్తి కక్కుకున్నాను. పిల్లలు ఇకఇకా నవ్వి, ‘టీచరమ్మకు మన కంపు పడలా’ అని సాయంత్రానికి ఊరంతా దండోరా వేసినారు. రాక్షస మూక! ఆ మూకంటే నాకు ప్రాణం ఎప్పుడయిందో చెప్పలేను.

ఒకరోజు బడి గంట కొట్టినా ఒక్కరూ రాలేదు. కోపంగా ఒడ్డుకు పోతే అలివి వల లాగుతున్నారు. ఒడ్డు నుంచి సముద్రంలోకి చుట్టూ తిప్పి వేసే పెద్ద వల అది. రెండు పక్కలా తాళ్లు పట్టుకొని ఊరు ఊరంతా లాగాలి. పిల్లలు తాడు కొసన వేలాడుతున్నారు. ‘బడి లేదా మీకు?’ అని అరిస్తే, ‘నువ్వూ పట్టు టీచర్, తొందరగా అయిపోద్ది’ అన్నారు. ఏం చేస్తాను, కొంగు దోపి పట్టినాను. వల ఒడ్డెక్కినాక చేపలు కుప్పలు పోసి పంచినారు. తాడు పట్టిన వాళ్లందరికీ పాలు, అంటే వాటా, ఉంటుంది. కండలున్నోడికీ, కొసన వేలాడిన బుడ్డోడికీ ఉంటుంది. జొరమొచ్చి ఇంట్లో పడుకున్నోడికి కూడా తీసిపెడతారు. నాకూ ఒక పాలు ఇచ్చినారు. వద్దంటే ఒక పెద్దాయన కోప్పడినాడు: ‘పట్టినావు గదమ్మా. కాదంటే వల అలుగుతాది.’

ఆ మర్నాటి నుంచి నా క్లాసు అట్లాగే నడిపినాను. బోర్డు మీద ఒకటే లెక్క. ముందు తెలిసినవాళ్లు తెలియనివాళ్లను లాగాలి. ఆఖరి బిడ్డకు వచ్చేదాకా లెక్క మారదు. ఊరికే జవాబు చెప్తే చాలదు, ఎదుటివాడికి ఎక్కేట్టు చెప్పాలి. మా బడిలో ఎక్కాలు రాని బిడ్డ లేదంటే లేదు. గొప్పలకు చెప్పడం లేదు, కావాలంటే ఊళ్లో అడగండి.

కాపీ కొట్టిందన్నారే, ఆ పిల్ల అప్పుడు నాలుగో తరగతి. మనిషి బక్కపల్చన, నోరు మాత్రం ఊరంత. నేను లెక్క రాయడం అయ్యీ కాకముందే జవాబు దాని నాలుక మీద ఉండేది. అయినా చెప్పేది కాదు. తన పక్కింటి పిల్ల వైపు తిరిగి, ‘నువ్వు చెప్పవే, వస్తాది నీకు’ అని ఆ పిల్ల చేత చెప్పించేది. ఇద్దరూ ఒక జత. ఈ పిల్ల వాళ్లమ్మ రొయ్యలు వలిచే షెడ్డులో పని చేసేది. పాళెంలో బడి అయిదుతో సరి. పై చదువుకు వాగు దాటి పోవాలి, ఆడపిల్లలను ఎవరూ పంపరు. ‘గురుకులంలో సీటొస్తే చదివిస్తా టీచరమ్మా, తిండీ పడకా ఆడే గదా. రాకుంటే అయిదు కాంగానే నాతోబాటు షెడ్డుకే’ అనింది ఆమె. ఆ బిడ్డ బతుకంతా ఒక్క పరీక్ష మీద పడింది.

పరీక్ష గూడూరులో. మా పిల్లలను ఆటోలో ఎక్కించుకొని నేనే పోయినాను. గేటు దగ్గర వందసార్లు చెప్పినాను: మాట్లాడకండి, పక్కవాళ్ల పేపరు చూడకండి. ఆ పిల్ల తల ఊపింది. అన్నిటికీ ఊపుతుంది, మహాతల్లి.

గంట కొట్టకముందే అది ఒక్కతే బయటికి వచ్చింది. పేపరు లాక్కొని పంపేసినారంట. ‘ఏం చేసినావే?’ అని భుజాలు పట్టి కుదిపినాను.

‘నేను చూడలా టీచర్. నాదంతా అయిపోయింది. మా పక్కింటిది జవాబు రాక ఏడస్తా ఉంది, అందుకని నాది చూపించినా.’

హాల్లో ఉన్న సారు చూసేటప్పటికి పక్కింటి పిల్ల తల వంచుకొని రాసుకుంటా ఉందంట, ఇది పేపరు ఎత్తి పట్టుకొని ఉందంట. దొరికింది ఇదే. దాని మొహంలో భయం లేదు, తప్పు చేసిన జాడా లేదు. ఎందుకు పంపేసినారో నేను చెప్తానని నా మొహంలోకే చూస్తా ఉంది.

ఆఫీసుల చుట్టూ తిరిగినాను, కాళ్లావేళ్లా పడినాను. రూలంటే రూలేనమ్మా అన్నారు. ఆ తరగతికి ఒకసారే రాయాలంట. పక్కింటి పిల్లకు సీటొచ్చింది. నోటికాడి కూడు పోవడమంటే ఏందో ఆ పొద్దు చూసినాను. మా పిల్ల వాళ్లమ్మకు చెప్పేదానికి పోతే ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ‘పక్కన బిడ్డ ఏడస్తా ఉంటే చూపించకుండా ఎట్టుంటాది టీచరమ్మా’ అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకొనింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వేసవిలోనే మాకు ట్రైనింగు. కొత్త లోకానికి కొత్త చదువు అని తెర మీద రంగురంగుల బొమ్మలు. పిల్లలు జట్లుగా నేర్చుకోవాలి, ఒకరికొకరు సాయపడాలి, రేపటి ఉద్యోగాలకు అదే ముఖ్యం అని ఒక సారు చెప్తా ఉంటే కూర్చోలేకపోయినాను. లేచి, ‘పరీక్ష కూడా జట్టుగా రాయొచ్చా సార్?’ అన్నాను. హాలంతా నవ్వింది. ‘మంచి జోకండీ’ అని ఆయన కూడా నవ్వినాడు. జోకు కాదు, నిజంగానే అడిగినాను. పరీక్షలు వద్దని నేననను. ఏ బిడ్డకు ఎంత వచ్చిందో తెలుసుకోవద్దా? కానీ పక్కదాన్ని చెయ్యి పట్టి లాగిన బిడ్డకు ఒక్క మార్కు వేసే చోటు ఆ కాగితంలో ఎక్కడుంది?

మొన్న దసరా సెలవులకు పక్కింటి పిల్ల ఊరికి వచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు, తెల్లటి సాక్సులు. ఒడ్డున వల లాగుతున్నారు. అయిదు అయిపోయి మా పిల్ల ఇప్పుడు షెడ్డులోనే. పొద్దస్తమానం నీళ్లలో నాని, రొయ్యల ముళ్లు గుచ్చుకొని, వేళ్లు ముసలిదాని వేళ్లలా ముడతలు పడినాయి. ఆ పొద్దు పని లేదని వచ్చి తాడు పట్టింది. దాని పక్కన నేనూ పట్టినాను. సెలవులకొచ్చిన పిల్ల సాక్సులకు ఇసక అంటకుండా పడవ మీద కూర్చొని చూస్తా ఉంది.

చేపలు పంచేటప్పుడు మా పిల్ల దాని దగ్గరికి ఉరికింది. ‘ఏం లెక్కలు చెప్తున్నారే మీకు? ఒకటి చెప్పవే, చేస్తా’ అనింది. ఎన్నాళ్ల నుంచి దాచుకొనిందో ఆ మాట.

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. ‘చెప్పగూడదు. ఎవురికీ చెప్పొద్దన్నారు మా మేడం. పోటీ ఉంటాది’ అనింది. పొగరుతో అనలేదు పాపం. బడిలో నేర్పిన మాట అప్పజెప్పింది, అంతే.

ఎవరితోనే తల్లీ పోటీ, రొయ్యలు వలిచే ఈ బిడ్డతోనా అని అరవాలనిపించింది.

మా పిల్ల చేతికంటిన ఇసక దులుపుకొనింది. ‘సరేలే’ అనింది. కుప్పల దగ్గరికి తిరిగొచ్చి, తన పాలులో సగం తీసి ఒక కవర్లో వేసింది. ఎవరికో నాకు అర్థమైంది.

‘అది తాడు పట్టలేదు గదే’ అన్నాను, ఉక్రోషం ఆపుకోలేక.

‘ఊళ్లోనే ఉంది గదా టీచర్’ అనింది. ఆ కవరు తీసుకపోయి దాని ఒళ్లో పెట్టింది.