కాంబోడియాలో మన ఉకారం

మా సంఘంలో ఆ ఉత్తరం చదువుతున్నంతసేపూ పాస్టరుగారి చూపు కుర్రకారు కూర్చున్న బెంచీల మీదే ఉంది. కాంబోడియాలో ఒక చిన్న ఊరి చర్చి నడుపుతున్న బడికి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలట. ఆరు వారాలు. దారిఖర్చులు ఎవరివి వాళ్ళవే, తిండీ వసతీ వాళ్ళు చూసుకుంటారు. కుర్రాళ్ళంతా నేలచూపులు చూస్తుంటే చెయ్యెత్తింది నేను. ముప్పై ఒక్కేళ్ళు తెలుగు మీడియం హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. మోకాళ్ళు కొంచెం సతాయిస్తున్నాయి గానీ నోటికి ఏ జబ్బూ లేదు. పాస్టరుగారు "ఇంకెవరైనా ఉన్నారా" అని రెండుసార్లు అడిగి, ఎవరూ లేకపోయేసరికి నా పేరే రాసుకున్నారు.

తోడుగా మా అన్నయ్య కూతురు ఎస్తేరు వస్తానంది. విజయనగరంలో కాన్వెంటులో చదివి, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. దాని ఇంగ్లీషు ఇస్త్రీ చేసిన చీర. నాది ఉతికి ఆరేసిన చీర. శుభ్రంగానే ఉంటుంది, ముడతలు మాత్రం కనబడతాయి.

నవంబరు మొదటి సోమవారం మధ్యాహ్నం రెండు నలభైకి ఆమదాలవలసలో రైలెక్కాను. మా ఆయన పెట్టె లోపల పెట్టి, "పాసుపోర్టు ఉన్నాది కదా? నోరెలాగూ ఉన్నాది. మరేటీ అక్కర్లేదు" అని దిగిపోయారు. ఎదుటి సీటులో ఎండుచేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. విశాఖ దాకా వెళ్తోందట. నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడికని అడిగింది.

"కాంబోడియా ఎల్తన్నాను. సముద్రానికి అవతల. ఆళ్ళకి ఇంగ్లీషు సెప్పడానికి."

"మన పిల్లలందరికీ వచ్చీసినాదేటి ఇంగ్లీషు?"

నా సర్వీసులో ఏ ఆఫీసరూ నన్ను ఇంత సూటిగా నిలదీయలేదు. "వచ్చినోళ్ళకి వచ్చినాది, రానోళ్ళకి రాలేదు" అన్నాను. "మరైతే ఆళ్ళకీ అంతే" అని తేల్చేసి, గంప పక్కనున్న సంచిలోంచి ఒక అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. నేను నవ్వుతూనే తిన్నాను.

మూడు నలభై ఐదుకి విజయనగరంలో ఎస్తేరు ఎక్కింది. ఐదింటికి విశాఖలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటోలో విమానాశ్రయానికి వెళ్ళాం. కౌలాలంపూర్‌లో విమానం మారి, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి నాంపెన్‌లో దిగాం. వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: వీసా కాగితం రెండు కాపీలు తీసి, ఒకటి చేతిసంచిలో ఉంచుకోండి. నేను పెట్టెలో పెట్టి, అందరి ముందూ నేల మీద కూర్చుని పెట్టె విప్పాల్సి వచ్చింది. వెనక వరసలో ఒక మలేషియా ఆయన ఓపిగ్గా నా చీరలు పట్టుకుని నిలబడ్డాడు.

అక్కడి నుంచి పదకొండింటికి షేరు వ్యాను, మనిషికి ఆరు డాలర్లు. దారి పొడుగునా వరికోతలే. ఒక్కోచోట బోర్డు మీది లిపి చూస్తేనే పరాయి దేశమని గుర్తొస్తుంది. ఒంటిగంటకి కంపోంగ్ ఛ్నాంగ్ అనే ఊళ్ళో దించారు. పెద్ద నది, దాని నిండా పడవలు, ఒడ్డంతా ఆరబెట్టిన చేపలు. ఆ వాసనకి ఎస్తేరు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను కళింగపట్నం ఒడ్డున పుట్టినదాన్ని. నాకు ప్రాణం లేచొచ్చింది.

బడి ఎత్తైన కొయ్య స్తంభాల మీద కట్టిన ఇల్లు. పైన తరగతి గది, కింద వంట. వెనక గదిలో మాకు రెండు మంచాలు, రెండు దోమతెరలు. బడి చూసే గ్లోరియాది ఫిలిప్పీన్స్ దేశం. నలభై ఏళ్ళుంటాయి, మెత్తగా మాట్లాడుతుంది, మాట మాత్రం తిప్పదు. మొదటిరోజే నిబంధన చెప్పేసింది: తరగతిలో ఇంగ్లీషు తప్ప మతం మాట రాకూడదు. చర్చికి రావాలనుకున్నవాళ్ళు ఆదివారం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. "అయితే మమ్మల్ని పిలిచిందెందుకు?" అన్నాను. "మీ పని బాగా చెయ్యడానికి" అంది. ఈ జవాబు నాకు రుచించలేదు. అయినా సరేనన్నాను.

మాకిచ్చిన తరగతిలో ఇరవై రెండుమంది పెద్దవాళ్ళు. సాయంత్రం ఐదింటికి పనుల్లోంచి నేరుగా వచ్చేవారు. అందులో బొప్ఫా అనే అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. నది ఒడ్డున హోటల్లో ప్లేట్లు అందిస్తుంది. నాంపెన్‌లో విదేశీయులు దిగే పెద్ద హోటలువాళ్ళు ఇంటర్వ్యూకి రెండుసార్లు పిలిచి, ఇంగ్లీషు అర్థం కావడం లేదని రెండుసార్లూ పంపేశారు. మూడోది డిసెంబరులో, సరిగ్గా మేం తిరిగి వచ్చే రోజున. అది కూడా పోతే మళ్ళీ పిలవరు. ఆ సంగతి మొదటిరోజే నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నన్ను "నియక్ క్రూ" అనేది. క్రూ అంటే మన గురువేనట.

వారం రోజులు నేను ధాటిగా చెప్పాను. శనివారం గ్లోరియా నన్నూ ఎస్తేరునీ తన గదికి పిలిచి, ఫోనులో రికార్డు చేసిన నా పాఠం వినిపించింది. "దిస్ ఈజ్ ఎ బస్సు. దట్ ఈజ్ ఎ బుక్కు." నా గొంతే. దాని వెనకాల ఇరవై రెండు గొంతులు, "బస్సు, బుక్కు" అని. ఎస్తేరు కిటికీలోంచి నదిని చూస్తూ నిలబడింది.

"సుగుణా, మీ గ్రామరు చాలా బాగుంది" అంది గ్లోరియా. ఆ మాటతోనే నాకు సంగతి అర్థమైపోయింది. "మాట్లాడే తరగతి ఎస్తేర్ తీసుకుంటుంది. మీరు కింద వంటలో సాయం చెయ్యగలరా?"

చేస్తానన్నాను. అవమానంగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు. ముప్పై ఒక్కేళ్ళు నన్ను టీచరమ్మా అని పిలిచిన ఊళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ ఊళ్ళలో ఎంతమంది చేత నేను బుక్కు అనిపించానో. గది బయటికి రాగానే ఎస్తేరు మీద విరుచుకుపడ్డాను.

"నాను బుక్కు అంటానని నీకు తెల్దేటే?"

"సిన్నప్పుణ్ణుంచీ తెలుసు. నాను ఏబీసీడీలు నేర్సుకున్నది నీ దగ్గరే కదత్తా."

"మరెందుకు సెప్పలేదు?"

"సెప్తే ఊరుకుంటావేటి?"

అదీ నిజమే. ఆదివారం ప్రార్థనలో దేవుడితో కొంచెం గట్టిగానే మాట్లాడాను. సముద్రం దాటించి తెచ్చింది కూరలు తరగడానికా అని అడిగాను. సోమవారం నుంచి కత్తిపీటకి బదులు చాకుతో కూరలు తరగడం నేర్చుకున్నాను.

బుధవారం సాయంత్రం అలసందకాయలు ముందేసుకుని కూర్చున్నాను. నెత్తిమీద చెక్కల సందుల్లోంచి పాఠం అంతా వినబడుతుంది. ఎస్తేరు "రైస్" అంటోంది. బొప్ఫా "రై" అంటోంది. "ఐస్" అంటే "ఐ". "ప్రైస్" అంటే "ప్రై". వాళ్ళ భాష తీరే అంత, మాట చివర సకారం నిలవదు, గొంతులోకి జారిపోతుంది. ఎస్తేరు పాముబుస కొట్టినట్టు ఎంత స్‌స్ అన్నా లాభం లేకపోయింది. పదోసారికో పదిహేనోసారికో బొప్ఫా మాట్లాడడం మానేసి కిందకి దిగి వచ్చి, చివరి మెట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

నాకు ఏం చెయ్యాలో తెలీక, ఊరుకోబెడదామని "రైసు" అన్నాను, నా ధోరణిలో. ఆ అమ్మాయి తలెత్తి "రై... సు" అంది.

చాకు కింద పెట్టేశాను. సకారం వచ్చింది. ఇంకోసారి అనిపించాను. మళ్ళీ వచ్చింది. అప్పుడు తట్టింది నాకు. వాళ్ళు మాట చివర మింగేస్తారు, మనం చివర తగిలిస్తాం. ఒంటరిగా నిలవలేని సకారం, ఉకారాన్ని ఊతకర్రగా ఇస్తే నిలబడుతోంది. ఇక ఆ కర్ర తీసేయడమే మిగిలింది. ఒక అలసందకాయ ఎత్తి, మొదలు నుంచి చివరికి వేలు జరుపుతూ "రై-సు" అన్నాను. తోక తెగ్గోసి "రైస్" అన్నాను. ఇంకో కాయ తీసుకుని ఆ అమ్మాయి చేతికి చాకు ఇచ్చాను. నాలుగో కాయకి "రైస్" అంది. అరకిలో కాయలయ్యేసరికి ఐస్, ప్రైస్, నైస్, హౌస్ అన్నీ వచ్చాయి.

పైనుంచి ఎస్తేరు తొంగి చూసింది. "ఏటి సేత్తన్నావత్తా?"

"తోకలు కోత్తన్నాను" అన్నాను.

మర్నాడు గ్లోరియా వచ్చి, చేతులు కట్టుకుని అంతా విన్నది. "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగింది. "మా శ్రీకాకుళంలో ఉంది" అన్నాను. నవ్వలేదు. "ఇంటర్వ్యూ దాకా బొప్ఫా మీది. కానీ చివర ఆ 'ఉ' ఆమె నోట్లో ఉండిపోతే, ఇప్పటిదాకా రాని తప్పు మనం నేర్పినట్టవుతుంది" అంది. ఆవిడ భయం న్యాయమైనదే. నిమ్మళంగా ఉన్నప్పుడు బొప్ఫా చక్కగా తోక కోసేది. గాభరా పడినా, సంతోషం పట్టలేకపోయినా ఠక్కున "నైసు" అనేసేది. నాలుగు వారాలు ఆ అమ్మాయిని కావాలనే గాభరా పెట్టాను. అతిథిలా నటించి అరిచాను, బిల్లు తప్పన్నాను, ఐసు అడిగి కాఫీ ఏదన్నాను. తోకలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

మధ్యలో ఒక శనివారం నాంపెన్ మ్యూజియం చూడ్డానికి వెళ్ళాం. ఒక శివలింగానికి ముఖం చెక్కి ఉంది. ఎస్తేరు దాని ముందే ఆగిపోయి, "అత్తా, శ్రీముఖలింగం సామి ఇక్కడికెప్పుడొచ్చీసినాడు?" అంది. "మనకంటే ముందొచ్చినాడు, వీసా కూడా అడిగుండరు" అన్నాను. పక్కింటివాళ్ళ శివరాత్రి ప్రసాదాలు తిని పెరిగినదాన్ని. దూరదేశంలో ఊరివాళ్ళు కనిపించినట్టనిపించింది.

తిరుగుప్రయాణం శుక్రవారం పొద్దున్న ఆరింటికి. అదే వ్యానులో బొప్ఫా కూడా ఎక్కింది. తెల్ల చొక్కా, బిగించి కట్టిన జుట్టు. దారంతా నా చెయ్యి వదల్లేదు. పెదవులు కదులుతున్నాయి, చూపుడువేలూ నడిమివేలూ కత్తెరలా ఆడుతున్నాయి. నేను మనసులోనే ప్రార్థన చేసుకున్నాను. అది తరగతి కాదు, పైకి చేసినా తప్పులేదు, కానీ ఆరు వారాల అలవాటు. ఎనిమిదిన్నరకి హోటలున్న వీధి మలుపులో దిగి, రెండు చేతులూ జోడించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

విమానాశ్రయంలో అన్నం సయించలేదు. ఇంటర్వ్యూ పదింటికి. కౌలాలంపూర్‌లో ఫోను చూశాను, ఏమీ లేదు. రాత్రి విశాఖలో దిగాక చూశాను, లేదు. "పోయుంటాది, అందుకే సెప్పట్లేదు" అన్నాను. "నీకు నోరే కాదు, తొందరా ఎక్కువే" అంది ఎస్తేరు. స్టేషన్లోనే గది తీసుకుని పడుకుని, పొద్దున్న ఆరున్నరకి రైలెక్కాం. తప్పు నాదేనని మనసు రొద పెడుతూనే ఉంది. వంటగదిలో కూరలు తరుక్కుంటూ ఊరుకుని ఉంటే ఆ అమ్మాయి తన "రై" తోనే వెళ్ళేది. కనీసం నా తప్పు మోసుకెళ్ళేది కాదు.

ఏడు నలభైకి రైలు విజయనగరం దగ్గర పడి, ఎస్తేరు సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాక ఫోనులో వాయిస్ మెసేజ్ వచ్చింది. పైకే పెట్టాను. బొప్ఫా గొంతు. నిదానంగా, ఒక్కో మాటా పేర్చినట్టు: "టీచర్, ఐ సే ఐస్, ప్రైస్, నైస్ హౌస్. ఆల్ గుడ్." ఒక్క తోక లేదు. తర్వాత ఊపిరి పీల్చిన చప్పుడు, ఆ వెంటనే గొంతు పగిలిపోయేంత సంబరంగా: "హోటల్ సే యెస్సు!"

రైలుపెట్టెలో ఉన్నవాళ్ళంతా మావైపు చూశారు. ఎస్తేరు సంచి జారిపోయింది.

"అత్తా, ఆ పిల్ల యేసు అంటందేటి?"

"యెస్ అంటందే. ఉజ్జోగమొచ్చీసినాది." కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట.

"తోక ఉండిపోనాది. దిద్ది మెసేజ్ పెట్టమంటావా?"

"నువ్వు ముట్టుకోకు" అన్నాను.

విజయనగరంలో అది దిగిపోయింది. రైలు కదిలాక ఫోను చెవికి ఆనించుకుని ఆ చివరి మాట ఇంకోసారి విన్నాను. ఆరు వారాల్లో తరగతిలో ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తకుండా గ్లోరియాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఆ అమ్మాయి పలికింది ఇంగ్లీషే. నా చెవికి ఏం వినబడిందన్నది మాత్రం నా ఇష్టం.