ఆడి నెలలో తెరిచిన రైట్స్ ఇష్యూ

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, వేసవి చివర, నగరిలో ఎలక్ట్రిక్ ఆటోలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కంపెనీ సెక్రటరీగా చేరాను. అదే నా చివరి ఉద్యోగం. వాటాల జారీ, సమావేశాలు, తీర్మానాలు చట్టప్రకారం జరిగేలా చూడటం సెక్రటరీ పని. నిర్ణయాలు డైరెక్టర్లవి.

వాటాల్లో మూడోవంతుకు కొంచెం తక్కువ పవర్‌లూమ్ నేతవాళ్లవి. వాళ్ల పెద్ద మునిరత్నం. తన మగ్గాలు అమ్మేసి, షెడ్డును కంపెనీకి రాసిచ్చి, బదులుగా వాటాలు తీసుకున్నాడు. నేతవాళ్ల పిల్లలకు పని ఊళ్లోనే దొరకాలని, ఫ్యాక్టరీ నగరి దాటకూడదన్న షరతును కంపెనీ నియమావళిలో పెట్టించాడు. నియమావళి మార్చాలంటే పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు కావాలి. నేతవాళ్లు ఒప్పుకోనంతకాలం ఆ షరతు కదలదు.

బ్యాటరీల ధర పెరిగి పెట్టుబడి చాల్లేదు. బోర్డు రైట్స్ ఇష్యూకు వెళ్లింది. అంటే కొత్త వాటాలను ముందుగా పాత వాటాదారులకే, వారి వారి నిష్పత్తిలో ఇవ్వజూపడం. గడువులోగా వాళ్లు కొనకపోతే మిగిలినవాటిని బోర్డు వేరేవారికి ఇవ్వొచ్చు. చట్టం ఇచ్చే గరిష్ఠ గడువు ముప్పై రోజులు. మేనేజింగ్ డైరెక్టర్ దాన్ని ఆడి నెల మొదటి రోజున తెరిచాడు. నగరి నేత కుటుంబాలు తమిళ నెలల లెక్కనే నడుస్తాయి. ఆడిలో కొత్త పెట్టుబడి పెట్టవు. ఆ నెల ముప్పై రోజులు దాటుతుంది.

తర్వాతి నెల ఆవణి పుట్టేదాకా ఆగమని ఆయనతో అన్నాను.

“చట్టంలో ఆడి నెల ఉండాదా సార్?” అన్నాడాయన. ఆయనదీ నగరే.

సెక్రటరీ వాటాదారుడి గడప తొక్కడం పద్ధతి కాదు. అయినా మునిరత్నం ఇంటికి వెళ్లి, గడువులోగా డబ్బు కట్టమన్నాను.

“ఆడిలో దుడ్డు తీస్తే యాడన్నా నిలుస్తాదా సామీ? ఆవణి రానీండి. మా భాగం యాడికి పోతాది?”

“నీకు ఇంకా మగ్గాలున్నాయనుకో, అవి నీకే ఉంటాయప్పా. ఊళ్లో ఇంకొకరి మగ్గాలు రెండింతలైతే సంఘంలో నీ మాట ఎవరు వింటారు?”

ఆయన నవ్వాడు. “కార్వేటినగరం కాడ మీ తాతల జమీ ఊళ్లు వేలంలో పోయినాయని, అందరివీ పోతాయంటే ఎట్ట సామీ?”

ఆ వేలం నిజమే. ఆనాడూ మావాళ్లు ఎవరినీ బతిమాలలేదు. నేనూ బతిమాలకుండా లేచి వచ్చేశాను.

ఆవణి మొదటి రోజు పొద్దున్నే మునిరత్నం తలస్నానం చేసి, నాలుగు మూలలా పసుపు పెట్టిన చెక్కుతో ఆఫీసుకు వచ్చాడు. గడువు తీరడంతో మిగిలిన వాటాలను బోర్డు ముందురోజే ఒక చెన్నై పెట్టుబడిదారుకు కేటాయించింది.

“ఆడి నిన్ననే కదా పోయింది సామీ,” అన్నాడు.

చెక్కు తిరిగి ఇచ్చేశాను. చట్టంలో దానికి చోటు లేదు.

నేతవాళ్ల చేతిలోని వాటాల్లో ఒక్కటీ పోలేదు. మొత్తం పెరిగి, వాటి బలం మాత్రం నాలుగోవంతు కిందికి పడింది. తర్వాతి సర్వసభ్య సమావేశంలో వాళ్లందరూ వ్యతిరేకంగా ఓటేశారు. అయినా షరతు తొలగించే తీర్మానం నెగ్గింది. ఫ్యాక్టరీ సూళ్లూరుపేట వైపు పోయింది. షెడ్డుకు కంపెనీ తాళం ఉంది. మునిరత్నం కొడుకు పక్కవీధిలో పరాయి మగ్గం మీద కూలికి నేస్తున్నాడు.

ఎక్కడా చట్టం తప్పలేదు. నియమావళిలో రాసిన షరతు ఎవరినీ కాపాడదు. దాన్ని నిలబెట్టే ఓట్లు కాపాడతాయి. వాటాలు కొత్తగా జారీ అయిన ప్రతిసారీ ఆ ఓట్లకు పరీక్షే. మనం ఏ నెలలో డబ్బు తీయమో తెలిసినవాడు ఆ పరీక్షకు ముహూర్తం పెడితే, ఫలితం ముందే తేలిపోయినట్టే.