ఒట్టు మీద నిలబడ్డ బండి

నాకు నిజామాబాద్‌లో గాజుల దుకాణం ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు లోపల కూర్చుంటే నాలుగో ఆమె బయట నిలబడాల్సినంత దుకాణం. చెయ్యి చూసి సైజు చెప్పేస్తాను, అందులో నన్ను మించినవాడు మా సందులో లేడు. మరమ్మతు పని మాత్రం నాకు ఎన్నడూ అచ్చిరాలేదు. నేను విప్పిన మిక్సీ, నేను విప్పిన గోడ గడియారం ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. విప్పేటప్పుడు ఉండే హుషారు బిగించేటప్పుడు ఎటు పోతుందో తెలియదు. నా భార్య ఈ సంగతి వచ్చిన చుట్టాలందరికీ చెప్తుంది, అదీ నేను ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడే.

అలాంటివాణ్ణి పోయి పోయి పాత రేసు మోటారు సైకిల్‌ని ఇంటికి తెచ్చుకున్నాను.

బోధన్ దాటాక ఒక ఊళ్ళో పెళ్ళికి నన్ను పిలిచారు. పెళ్ళికూతురికి, వచ్చిన ఆడవాళ్ళకు గాజులు తొడగాలి. కాలువ కింద చెరుకు పండించే కుటుంబం వాళ్ళది. పెద్దవాళ్ళు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొన్నారు. ఇంట్లో మాట ఇప్పటికీ ఆ జిల్లా మాటే. పొద్దున కూర్చున్నవాణ్ణి, మధ్యాహ్నం దాటాక గాని లేవలేదు. చేతులు కడుక్కుందామని మోటారు షెడ్డు దగ్గరికి వెళ్ళాను. షెడ్డు ముందు మంచం మీద పెళ్ళికూతురి నాయనమ్మ కూర్చుని ఉంది. భర్త పోయిన మనిషి కాబట్టి, మనవరాలు ఎంత బతిమాలినా గాజుల దగ్గరికి రాలేదు. నాకైతే ఆ పద్ధతి నచ్చదు. కానీ నా మాట ఎవరు వింటారు?

"అటెళ్ళమాక అబ్బాయ్, కందిరీగలున్నయ్" అంది.

కందిరీగలు నిజమే. అవి గూడు కట్టింది ఒక బండి సైలెన్సర్‌లో. ఎరువుల సంచుల వెనక గోడకు ఆనించి ఉందా బండి. ఒకప్పుడు రోడ్డు బండే, మట్టి రేసుల కోసం ఎవరో దాన్ని కోసి అతికారు. లైటు లేదు. బురద ఇరుక్కోకుండా ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు ఎత్తున ఉంది. సైలెన్సర్ సీటు పక్కనుంచి పైకి లేచి ఉంది. తుప్పు సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఆ బండి నిలబడ్డ తీరులో ఏదో పొగరు ఉంది. నాకు చూడగానే నచ్చింది.

"ఎవరిదమ్మా గీ బండి?" అని అడిగాను.

"ఇంకెవరిది, ఆయనదే. పెళ్ళికి ముందు పూనా, హైదరాబాదు పోయి రేసులాడేవారు. చెరుకు నరికేసినాక ఇదిగో ఈ చేలోనే తోలి నేర్చుకున్నారంట. ఒకసారి పడి మెడ కింద ఎముక విరగ్గొట్టుకున్నారు. కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఆ సంగతి చెప్పింది. భయమేసింది నాకు. ఆయన చెయ్యి తీసి నా నెత్తిన పెట్టుకుని ఒట్టేయించుకున్నా, మళ్ళీ ఎక్కనని."

"ఎక్కలేదా మరి?"

"ఎక్కలా. పోయిందాకా ఎక్కలా. అమ్మమంటే అమ్మనూ లేదు. పండక్కోసారి తుడిచి పెట్టేవారు." ఆవిడ కాసేపు చేను వైపు చూసింది. "భయం నాకు ఓ రెండేళ్ళు ఉందేమో, తర్వాత పిల్లలూ పనులూ. ఒట్టు తీసేశాను, ఎక్కండి అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాకు తట్టనే లేదు."

పెళ్ళి అయిపోగానే కొడుకులు షెడ్డు ఖాళీ చేయిస్తున్నారట. బండి పాత సామాన్లవాడికి పోతుందట. అది విన్నాక నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"నాకిస్తరా అమ్మా? నేను బాగుచేస్త."

"నువ్వా? గాజులోడివి కదా!"

"గాజులోన్నే. చేతులు మంచియే."

ఆవిడ నవ్వింది. "తీసుకెళ్ళు, డబ్బులేం వద్దు. ఒకటే మాట. మా చెరుకు నరికినాక ఈ చేను కొన్నాళ్ళు ఖాళీగా ఉంటది. దున్నేలోగా తెచ్చి, ఈ చేలో తోలి చూపించు. అది కదలగా నేను చూళ్ళా. ఆయన్ని నేను ఏం మానిపించానో ఒక్కసారి కళ్ళారా చూడాలి."

సరేనని తల ఊపాను. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని బోధన్ దాటాక గాని, ఏం ఒప్పుకున్నానో నాకు బుర్రకెక్కలేదు.

ఇంటి ముందు దించగానే మా అవ్వ బయటికి వచ్చి చూసింది. "గిది బండా, గొడ్డు బొక్కలా?" అంది, ఎముకల గూడును చూసినట్టు చూస్తూ. నా భార్య అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. తల ఎత్తకుండానే, "అటక నిండింది. గిప్పుడు వాకిలి వట్టుకున్నవా?" అంది.

పొద్దున దుకాణం తెరిచేలోపు, ఆదివారాలు రోజంతా, వాకిట్లో అదే పని. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, దుకాణం పద్ధతి. విప్పిన ప్రతి బోల్టునూ గాజుల అట్టపెట్టెలో వేసి, పైన ఎక్కడిదో రాసి పెట్టేవాణ్ణి. ఇలా చేస్తే ఏదీ తప్పిపోదని గర్వంగా ఉండేది. ఒకరోజు దుకాణంలో ఒకామెకు పెళ్ళి సెట్టు చూపిద్దామని పెట్టె తెరిస్తే అందులో చైను ముక్కలున్నాయి. "గివి తొడుక్కోవాల్నా అన్నా?" అందామె. సందంతా నవ్వింది.

పిస్టన్ లోపల పట్టేసి ఉంది, కిక్కు రాడ్డు కదలదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి రోజుల తరబడి నాననిచ్చాను. ఫోన్‌లో వీడియో చూస్తూ పొద్దునా సాయంత్రం కిక్కు మీద కాలు పెట్టి మెల్లగా నొక్కేవాణ్ణి. ఒకరోజు అది కొంచెం దిగింది. అంతే, కొంచెం! నేను పెట్టిన కేకకు అవ్వ పూజ మధ్యలో లేచి వచ్చింది.

తర్వాత ఇంజను రెండు ముక్కల మధ్య ఉండే అట్ట కావాల్సి వచ్చింది. ఆ పాత బండికి అది ఎక్కడా దొరకలేదు. మందపాటి షీటు తెచ్చి నేనే కత్తిరించుకుందామని కూర్చున్నాను. రెండు షీట్లు పాడుచేశాను. మూడోది పాడవుతుండగా నా భార్య చాట పక్కన పెట్టి వచ్చింది. తునికాకు కత్తిరించే కత్తెర తీసుకుంది. బీడీ ఆకుకు రేకు ముక్క పెట్టి దాని చుట్టూ కోసినట్టే, పాత అట్టను షీటు మీద ఒత్తి పెట్టి, కత్తెర ఆపకుండా ఒక చుట్టు తిప్పింది. బోల్టుల రంధ్రాలతో సహా సరిగ్గా వచ్చింది.

"ముందుగాల్నే ఇస్తే అయిపోతుండె గదా" అంది. ఆ రోజు నుంచి నా బండి కాస్తా మన బండి అయ్యింది. చుట్టాలకు చెప్పేటప్పుడు కూడా అలాగే చెప్పేది.

ఇక మిగిలింది నూనె. ఇలాంటి బండికి పెట్రోల్లోనే నూనె కలపాలి. పెళ్ళింటి పెద్దావిడకు ఫోన్ చేసి, ఆయన ఏ నూనె వాడేవారో తెలుసా అని అడిగాను. "ఆముదం కలిపేవారంట అబ్బాయ్. చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదని మా అత్తగారు తిట్టేది" అంది.

ఆముదం! మా ఇంట్లో ఆముదానికి కరువా? మా అవ్వ గింజలు వేయించి, దంచి, నీళ్ళల్లో ఉడికించి, పైన తేలిన నూనె తీసి సీసాలకు పడుతుంది. మా సందులో ఏ పసిపాప పుట్టినా మాడుకు పెట్టేది మా అవ్వ ఆముదమే. బండికని అడిగితే ఆమె మొహం వెలిగిపోయింది. వడగట్టి మరీ ఇచ్చింది. "బండ్ల పొయ్యి బిడ్డా, గుర్రం లెక్క ఉరుకుతది" అంది. పెట్రోల్లో కలిపి, టాంకు ఊపి, కిక్కు కొట్టాను.

ఎన్నో కిక్కుకో తెలియదు గాని, స్టార్టయింది. అంత చప్పుడు మా సందు ఎన్నడూ విని ఉండదు. తెల్లటి పొగ వాకిలంతా కమ్ముకుంది, పొగ నిండా పురుటింటి వాసన. పక్కింటి ఆవిడ కొంగు ముక్కుకు పెట్టుకుని వచ్చి, "ఎవలికి కాన్పయింది?" అని అడిగింది. నేను గాల్లో తేలుతున్నాను. చూస్తుండగానే బండి గొంతు మారింది, కీచుమంది, ఠక్కున ఆగిపోయింది. కిక్కు మళ్ళీ రాయిలా బిగుసుకుంది.

టాంకు మూత తీసి చూస్తే పైన పెట్రోలు, అడుగున పసుపు పచ్చగా అవ్వ ఆముదం. రెండూ కలవనే లేదు. స్పేర్ పార్ట్స్ దుకాణంలో చెప్తే అతను నవ్వు ఆపుకోలేక కౌంటర్ పట్టుకున్నాడు. "గది పిల్లల నెత్తికి వెట్టేది అన్నా! రేసు ఆముదం వేరే ఉంటది, డబ్బాల వస్తది. దాంట్ల నీళ్ళు, జిగురు ఏం ఉండయ్" అన్నాడు. నాకు మామూలు టూస్ట్రోక్ నూనె చాలని సీసా ఇచ్చి పంపాడు. అవ్వ మాత్రం తప్పు ఒప్పుకోలేదు. "నా ఆముదంతోని సందుల పోరగాండ్లంత పెరిగిండ్రు. ఎవ్వనికి ఏం గాలె. నీ బండికే అరగలె" అంది.

ఇంజను విప్పితే పిస్టన్ పక్కలు గీసుకుపోయి ఉన్నాయి. సరిగ్గా ఆ వారంలోనే పెద్దావిడ ఫోన్ చేసింది. "మా చేలో నరుకుడు మొదలైంది అబ్బాయ్. ఇంకో పది రోజుల్లో దున్నేస్తామంటున్నారు మావాళ్ళు. ఎందాకా వచ్చింది?" అంది. అయిపోవచ్చింది అమ్మా అని అబద్ధం చెప్పాను. ఫోన్ పెట్టేశాక ముక్కలన్నీ పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాను. నాకు ఏడుపొచ్చినంత పనయింది. నేను ఇంతే, నా చేతితో ఏదీ పూర్తి కాదు అనిపించింది.

నా భార్య అటక నిచ్చెన ముందు నిలబడింది. "ఎక్కడికి? పైన జాగ లేదు" అంది.

"ఇగ నాతోని కాదే."

"మిక్సీకి నువ్వు మాటియ్యలే. ఆమెకు ఇచ్చినవ్" అంది. పెట్టె నా చేతుల్లోంచి తీసుకుని మళ్ళీ వాకిట్లో పెట్టింది.

ఆ వారం దుకాణం మధ్యాహ్నాలు మూసే ఉంది. సిలిండర్‌ను లేత్ షాపులో నున్నగా పట్టించాను, కొత్త రింగులు వేశాను, ఇంకో అట్ట ఆమె కత్తిరించి ఇచ్చింది. ఈసారి బిగించడమే నాకు ఇష్టంగా అనిపించింది. ఒక్కో బోల్టు పెట్టెలోంచి తీసి దాని చోట దాన్ని పెడుతుంటే మనసు కుదురుగా ఉండేది. ఇలాంటి సుఖం ఒకటుందని నాకు ఇన్నాళ్ళు తెలియదు. బండి మళ్ళీ స్టార్టయింది. ఈసారి ఆగలేదు.

రేపు దున్నుతారనగా, ట్రాలీ ఆటోలో బండి, ముందు సీట్లో మేమిద్దరం ఇరుక్కుని బోధన్ వైపు బయల్దేరాం. చేను నరికి ఉంది, ఎండిన ఆకు అక్కడక్కడా పరుచుకుని ఉంది. పెద్దావిడ గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. కొడుకులు, కోడళ్ళు తమాషా చూడ్డానికి వచ్చారు. నా భార్య ఆవిడ పక్కన నిలబడింది.

బండి మూడో కిక్కుకే అందుకుంది. నేను మట్టిలో ఏనాడూ బండి నడిపినవాణ్ణి కాను. మొదటి చుట్టు భయంతోనే సరిపోయింది. వెనక చక్రం ఎటు పోతే అటు పోయాను. రెండో చుట్టులో ఎక్కడో భయం పోయింది. బండి నేలను తన్ని లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. నేను గట్టిగా అరుస్తున్నాను. మూడో చుట్టులో నీళ్ళ బోదె కనపడలేదు. బండి ఒకవైపు, నేను ఒకవైపు పడ్డాం.

అందరూ కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చారు. నాకేం కాలేదు. మొహం నిండా బురద, నోట్లో మట్టి. లేచి కూర్చుని నవ్వుతున్నాను. ఆపుదామన్నా ఆగడం లేదు. నా భార్య భుజాలు, మోచేతులు తడిమి చూసి, "పిచ్చి లేసిందా ఏంది?" అని తిట్టింది. అలా తిడుతూనే తనూ నవ్వింది.

పెద్దావిడ కర్ర పట్టుకుని మెల్లగా గట్టు దిగి వచ్చింది. పడ్డ బండి వైపు చూడలేదు. నా ముందు నిలబడి, నా మొహంలోకే చూస్తూ ఉంది.

"ఎట్లుందమ్మా బండి?" అని అడిగాను.

"బండిని చూళ్ళా అబ్బాయ్. నిన్నే చూశా" అంది. "నలభై ఏళ్ళు కాపురం చేశా. ఆయన నవ్వులన్నీ నాకు తెలుసనుకున్నా. ఇదొకటి ఉందని నాకు తెలీదు."

నా భార్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, అదే కొంగుతో నా మొహం మీది బురద కూడా తుడిచింది.

"దెబ్బ తగల్లేదుగా?"

"లేదమ్మా."

"అయితే లే. ఇంకో చుట్టు తిరిగిరా. గట్టు దగ్గరికొచ్చినప్పుడు మొహం ఇటేపు పెట్టు."

బండిని లేపి, హ్యాండిల్‌కు అంటిన మట్టి దులిపి, మళ్ళీ కిక్కు కొట్టాను.