ఎవరి చేతి మూర

రేపల్లెలో బాబాయి బట్టలకొట్టు ఆయన మోకాళ్ల నొప్పులతో మూతబడ్డాక, పిన్ని ఇంట్లోనే చీరలమ్మడం మొదలుపెట్టింది. మంచం మీద చీర పరిచి, ఫోన్‌తో వీడియో తీసి, వాట్సాప్‌లో పెట్టేది. ఎవరో ఆ వీడియోలనే ఎత్తుకుపోయి, పట్టు చూపించి పాలిస్టర్ పంపుతున్నారు. మోసపోయిన కొల్లూరు ఆవిడ వాకబు చేసుకుంటూ పిన్ని గుమ్మంలోకే వచ్చి తిట్టింది. బాబాయి కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేలోపే వెళ్లిపోయింది. ఆ మోసం తనది కాదని నమ్మించడానికి పిన్ని దగ్గర ఏ ఆనవాలూ లేదు.

"వీడియోల మీద మీ బాబాయి మొహం వెయ్యవే. ఈ చుట్టుపక్కలంతా ఆయన్ని చూసి కొన్నవాళ్లేగా," అంది నాతో.

"నా మొహం ఉన్న చీర ఎవరు కట్టుకుంటారే?" అన్నాడు బాబాయి.

"మిమ్మల్నే కట్టుకున్నాను నేను. చీరకేం."

బాబాయి ఫొటో తీసుకుని తెనాలిలో మా ఇంటికి వచ్చాను. ఈ పనికి బటన్లు నొక్కితే చాలనే సాఫ్ట్‌వేర్లు నెలనెలా డబ్బు అడిగాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనేది మాత్రం పైసా అడగలేదు, కాకపోతే నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చెయ్యాలి. బాపట్లలో మా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. ఉచితంగా వచ్చినదాని మీద కూడా ఇంకేమన్నా తగ్గుతుందా అని చూసే రకం. దాన్నే పట్టుకున్నాను.

అందులో బొమ్మ సైజు మార్చే స్కేల్ ఫిల్టర్‌కి వెడల్పూ ఎత్తూ రెండూ నేనే చెప్పాను. బాబాయి మొహం చపాతీలా సాగింది. ఎత్తు దగ్గర మైనస్ ఒకటి అని రాస్తే, వెడల్పుకి తగ్గ ఎత్తు అదే చూసుకుంది. మొహం కుదిరింది గానీ, అదే కొలత పెద్ద వీడియోలో బొట్టుబిళ్లంత, చిన్న వీడియోలో పళ్లెమంత కనపడింది. వీడియో వెడల్పులో ఆరో వంతు ఇమ్మని, ఐడబ్ల్యూ బై ఆరు అని రాశాను. అయినా అన్నిట్లోనూ ఒకటే సైజు.

చిన్నప్పుడు బాపట్లలో మా కొట్టు ముందు పూలావిడ మూరల లెక్కన అమ్మేది. మా అమ్మ బేరమంతా అయ్యాక, పొడుగు చేతుల నన్ను ముందుకు తోసి, "మా పిల్ల చేత్తో కొలువమ్మా," అనేది. "ఈ పిల్ల చేతులు ఇట్టా పెరిగితే నేను బుట్ట సర్దుకోవాలక్కా," అనేది పూలావిడ.

అంత బేరం చూసినదాన్ని, ఇక్కడ మూర ఎవరిదో అడగనే లేదు. ఐడబ్ల్యూ అంటే ఫిల్టర్‌లోకి వచ్చినదాని వెడల్పు. నేను ఇచ్చింది ఫొటో ఒక్కటే. అది తనని తన చేత్తోనే కొలుచుకుంటోంది. కొత్త వెర్షన్‌లో ఫొటోతోపాటు వీడియోనీ స్కేల్‌కి చూపించి, ఆర్‌డబ్ల్యూ బై ఆరు, అంటే ఆ వీడియో వెడల్పులో ఆరో వంతు, అని రాయాలి. అప్పుడు మూర వీడియోది. ఏ వీడియోలోనైనా బాబాయి అదే వంతున ఒదిగాడు.

ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మరో బేరం. మరీ మూలనైతే దొంగ కత్తిరించేస్తాడు.

"కొంగు మీద వద్దే, జరీ కనపడదు. అంచు మీదా వద్దు," అంది పిన్ని ఫోన్‌లో.

"నన్ను వీధిలో నిలబెట్టండి, సరిపోద్ది," అన్నాడు బాబాయి.

చివరికి కొంగుకీ అంచుకీ మధ్య, చీర కనపడేంత పలచగా పెట్టాం.

తర్వాత నేను రేపల్లె వెళ్లి ఉన్నప్పుడే కొల్లూరు ఆవిడ ఫోన్ చేసింది. పిన్ని స్పీకర్ పెట్టింది.

"మొన్న తిట్టింది నేనేనండి. ఆ వీడియోలో ఆయన మీ ఆయనాండి? మా పెళ్లిబట్టలు ఆయన కొట్లోనే తీశామండి." గొంతు తగ్గించింది. "ఉన్నారాండి?"

పిన్ని ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"ఉన్నానమ్మా," అన్నాడు బాబాయి. "ఏ చీర తియ్యమంటావు?"