గొంతు మీద జీడి పొక్కు

పాతకాలపు వస్తాదులు, కుంగ్‌ఫూ గురువులు, సాము గరిడీల మొనగాళ్లు ఇవాళ్టి పంజరం పోటీల వాళ్ల ముందు నిలబడగలరా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే సిగ్గేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు నా జేబులోనే ఉందన్నట్టు ఒకప్పుడు పలాస అంతా రొమ్ము విరుచుకుని తిరిగినవాణ్ణి నేను.

మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసేది. నేను ఇంకో ఫ్యాక్టరీలో గోడౌన్ చూసుకునేవాణ్ణి. తొంభైల చివర్లో విశాఖపట్నం నుంచి ఒక మాస్టారు ఆదివారం ఆదివారం రైల్లో వచ్చి స్కూలు గ్రౌండులో కరాటే నేర్పేవారు. ఆయన దగ్గర బ్రౌన్ బెల్టు దాకా వచ్చాను. తర్వాత రెండు మూడేళ్లకు, కంప్యూటర్ సెంటర్ నడిపే స్నేహితుడొకడు ఎక్కడి నుంచో సీడీలు తెచ్చాడు. ఇనుప వల కట్టిన పంజరంలో ఇద్దరు మనుషులు. గుద్దుతారు, తంతారు, కాళ్లు దొరకబుచ్చుకుని కింద పడేస్తారు, పడ్డవాడి మీద కూర్చుని గొంతు బిగిస్తారు. వంగి దండాలు పెట్టుకోవడాలు, గాల్లో కేకలు ఏమీ లేవు. నా బెల్టు మీద నాకున్న భక్తి ఆ ఒక్క మధ్యాహ్నంలో ఆవిరైపోయింది.

అప్పట్నుంచి నా సాధన గోడౌన్లోనే. ఎనభై కిలోల పిక్కల బస్తాని రెండు చేతులా వాటేసుకుని ఎత్తడం, పడెయ్యడం, దాని మీదెక్కి మోచేత్తో కుమ్మడం. బస్తా ఎదురు తిరగదు కాబట్టి నేనెప్పుడూ గెలిచేవాణ్ణి.

స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర మా వాదనలు నడిచేవి. ఆటో నడిపే స్నేహితుడొకడు ఉండేవాడు. ఉద్దానం సముద్రపు ఒడ్డున చేపల వేటకెళ్లే వాళ్ల ఊరు వాడిది. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అనే పిలిచేవాడు. ఒకరోజు నేను మంచి ఊపు మీద ఉన్నాను.

"ఆ పాత గురువులందరూ సినిమాల్లో ఎగరడానికే గానీ, పంజరంలో రెండు నిమిషాలు నిలబడ్నేరు" అన్నాను.

"మా ఊరి గురువుని సూసి అప్పుడు సెప్పు బావా."

"ఏటి సేత్తాడు మీ గురువు?"

"ఏటీ సెయ్యడు. అదే సూడాల" అన్నాడు వాడు, టీ ఊదుకుంటూ.

ఆ ఆదివారమే వాడి ఆటోలో వెళ్లాను. జీడితోటలు దాటి, కొబ్బరితోటలు దాటి, రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట ఊరు. ఊరి చివర తాటాకుల పాక ఒకటి. సాము నేర్చుకునే ఆ చోటుని తాలింఖానా అంటారు. లోపల మెత్తటి మట్టి నేల, గోడవార కర్రలు. గురువుకు డెబ్బై దాటి ఉంటాయి. ఒళ్లంతా ఎండి, కళ్లు మాత్రం తడిగా ఉండేవి. తెల్లవారకముందే వేటకెళ్లి, వచ్చాక వల బాగుచేసుకుంటూ, సాయంత్రం గరిడీ, అంటే కర్రసాము, నేర్పేవాడు. నలభై ఏళ్లుగా ఆ ఊరి సంబరంలో అమ్మవారి ముందు కర్రలు తిప్పుకుంటూ నడిచేది ఆయనా, ఆయన శిష్యులూ.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. గరిడీలో కర్ర దెబ్బ వెయ్యకూడదు. ఒంటికి తాకిస్తే చాలు, చర్మం మీదే ఆపెయ్యాలి. తాకిందని తాకించినవాడు చెప్పుకోకూడదు. ఎవరి ఒంటికి తాకిందో వాడే ఆగి "తగిలింది" అని పైకి అనాలి. నేను చూస్తుండగానే ఒక కుర్రాడు బాగా ఆడుతున్నవాడల్లా ఠక్కున నిలబడి "తగిలింది" అని వెనక్కి తగ్గాడు. ఎక్కడ తగిలిందో నాకైతే కనబడలేదు. పంజరంలో ఈ మర్యాదలు పెడితే ఎలా ఉంటుందో తలుచుకుని లోపల్లోపల తెగ నవ్వుకున్నాను.

ఆ నవ్వు అక్కడితో ఆపుకున్నా బాగుండేది. నేనూరుకోలేదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఇసకలో నా పాఠాలు మొదలుపెట్టాను. కుర్రాళ్లకు కొత్తదంటే మోజు. రెండు నెలలు తిరిగేసరికి నా దగ్గర ఇరవై మంది, గురువు దగ్గర నలుగురు మిగిలారు. వానలొస్తున్నాయి, మాకు పాక కావాలి అని నా వాళ్లు పెద్దల్ని అడిగారు. పాక ఊరిది, గురువు సొంతం కాదు. ఆయనకు మాత్రం ఆ పాకే అన్నీ. అది పోతే నేర్పడానికి చోటుండదు, నేర్చుకునేవాడూ ఉండడు, ఆయనతోనే ఆ విద్య ఒడ్డున ఆగిపోతుంది. ఇది నాకు తెలియక కాదు. తెలిసే, పాతది పోవాల్సిందే కదా అనుకున్నాను.

పెద్దలు ఒక ఒప్పందం చేశారు. గురువు కర్రతో, నేను వట్టి చేతుల్తో. ఎవరి వీపు నేలకు తాకితే వాళ్లు ఓడినట్టు. ఎవరు మూడుసార్లు "తగిలింది" అంటే వాళ్లూ ఓడినట్టే. గెలిచినవాడికి పాక.

రోజు ఖాయం చెయ్యబోతుంటే గురువు నన్ను పక్కకు పిలిచాడు.

"కర్రలన్నిటికీ నూనె రాసీసినాను బావూ. ఇంకా ఆరనేదు. ఒక్క వారం ఆగితే బాగుంటాది."

ఆ ఒడ్డున పడవ చెక్కలకు పురుగు పట్టకుండా జీడి తొక్కల నుంచి తీసిన నల్లటి నూనె పూస్తారు. గురువు ఏడాదికోసారి పడవతో పాటే కర్రలకీ పూసేవాడు. పచ్చిగా ఉన్నప్పుడు ఒంటికి తగిలితే ఆ నూనె ఎలా కాలుస్తుందో జీడి ఫ్యాక్టరీలో పెరిగిన నాకంటే ఎవరికి బాగా తెలియాలి. కానీ నా చెవికి అది సాకులాగే వినబడింది.

"నూనె ఆరనేదేటి తాతా, నీ నోరారిపోనాదేటి?" అన్నాను, అవతల ఉన్న కుర్రాళ్లకు వినబడేలా. వాళ్లు ఇకిలించారు. ఆయన "సరే బావూ, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్న ఊరంతా పాక చుట్టూ మూగింది. గురువు కర్రకు తను పట్టుకునే చోట పాత గుడ్డ చుట్టుకుని వచ్చాడు. నేల తాకి కళ్లకద్దుకున్నాడు. నేను చొక్కా విప్పి మెడ విరుచుకున్నాను, సీడీల్లో వాళ్లలాగా.

మొత్తం ఆట ఒక టీ తాగినంతసేపు కూడా సాగలేదు. ఆయన పెద్దగా కదల్లేదు. పడవ మీద నిలబడ్డవాడిలా కాళ్ల మీద కొంచెం ఊగాడంతే. నేను దూసుకెళ్లాను. గొంతు దగ్గర ఏదో చల్లగా, ఈగ వాలినట్టు అనిపించింది. నేనాగలేదు. పక్కకు తప్పుకున్నాడు, మళ్లీ దూకాను. మూడోసారి వంగి రెండు కాళ్లూ దొరకబుచ్చుకున్నాను. ఎత్తాక తెలిసింది, ఆయన మా బస్తాలో సగం బరువు కూడా లేడు. వీపు నేలకు తాకేలా పడేశాను. నా కుర్రాళ్లు ఈలలేశారు.

పెద్దల్లో ఒకాయనకు ఏదో అనుమానం వచ్చింది. "ఏటి గురువా, పడకముందు నీ కర్ర తగిలిందేటి?" అని అడిగాడు.

గురువు లేచి, ఒంటి మీద మట్టి దులుపుకున్నాడు. "ఆ మాట నాను సెప్పకూడదు గదా" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. ఈగ సంగతి నాకు గుర్తుంది. చెమట బొట్టు అయ్యుంటుందిలే అని ఆ ఒక్క క్షణంలో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"తగల్నేదు" అన్నాను.

గురువు గోడవార కర్రలన్నీ గుడ్డతో పట్టి రెండు చేతులా ఎత్తుకుని, నలుగురు శిష్యుల్నీ వెంటబెట్టుకుని తన పడవ వైపు వెళ్లిపోయాడు. నేను సముద్రంలో దిగి స్నానం చేశాను. మెడ మీద నల్లటి మరకేదో ఉంటే మట్టి అనుకుని రుద్దేసుకున్నాను. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నా గొప్పలకు అంతు లేదు.

మూడో రోజు పొద్దున్న అమ్మ అన్నం పెడుతూ నా మొహంలోకి వంగి చూసింది.

"పిక్కలు కొయ్యడానికెల్లినావేట్రా?"

"నేదే. ఏల?"

"గొంతు మీద జీడి పొక్కులేటి మరి? మాకు సేతులకొత్తాయి గానీ గొంతుకొత్తాయేటి ఎక్కడైనా?"

అద్దం ముందు నిలబడ్డాను. గొంతు గుంట మీద వేలెడు వెడల్పున ఎర్రటి పొక్కు. ఎడమ కణత మీద ఇంకోటి. చొక్కా ఎత్తితే కుడి డొక్కలో మూడోది. మూడూ ఒకే కొలత. కర్ర చివర ఎంత ఉంటుందో అంత.

అన్నం అలాగే వదిలేసి గోడౌన్‌కు పోయి బస్తాల మధ్య కూర్చున్నాను. గొంతు గుంటలో కర్ర దిగితే ఊపిరి ఆగిపోతుంది. కణత మీద పడితే మనిషి మళ్లీ లేవడు. ఈ సంగతులు సీడీలు చూసి నేనే నా కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి. తనను ఊరి ముందు ఎగతాళి చేసి, నలభై ఏళ్ల పాకను లాక్కోవడానికి మీదికి దూకుతున్నవాడి గొంతు మీద కూడా ఆ ముసలాయన కర్రను చర్మం మీదే ఆపాడు. అంత ఊపులో ఉన్న కర్రను అలా ఆపాలంటే ఎంత విద్య కావాలో నాకు అప్పుడు అర్థమైంది. నాకు బస్తాను పడెయ్యడం వచ్చు. పడేస్తున్నదాన్ని మధ్యలో ఆపడం రాదు.

పంజరంలో పెడితే ఆయన ఓడిపోయేవాడు. ఈ మాట ఇప్పటికీ అంటాను, దాచను. నాకు వయసుంది, బరువుంది, అక్కడ కర్ర ఉండదు, "తగిలింది" అని ఒప్పుకునేవాడూ ఉండడు. కానీ ఆ రోజు మా ఇద్దరిలో ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉందంటే, అది ఆయన చేతిలో ఉన్న నా ప్రాణం. ఆయన దాన్ని నాకు తిరిగి ఇచ్చేసి, ఇచ్చానని కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇది తలుచుకుంటే అప్పుడు గుండె నిండిపోయింది, ఇప్పుడూ నిండుతుంది. అమ్మా నాన్నల తర్వాత నేను దండం పెట్టుకునే మనిషి ఆయనే.

మర్నాడు పనికి సెలవు పెట్టి ఆటో స్నేహితుణ్ణి తీసుకుని వెళ్లాను. దారి పొడుగునా వాడు నా గొంతు వైపు చూసి నవ్వాపుకుంటూనే ఉన్నాడు. "ఏటీ సెయ్యడని సెప్పినాను గదా బావా" అని ఒక్కసారే అన్నాడు.

పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. ఆడవాళ్లు గంపలతో, పెద్దలు చుట్టలతో, నా ఇరవై మంది కుర్రాళ్లూ, అందరూ ఒడ్డునే ఉన్నారు. గురువు పడవ నీడలో వల ముందేసుకుని కూర్చున్నాడు. నేను ఆయన ముందు నిలబడి చొక్కా విప్పాను. గొంతు మీది పొక్కు మీద వేలు పెట్టాను.

"తగిలింది" అన్నాను. కణత చూపించి "తగిలింది" అన్నాను. డొక్క చూపించి మూడోసారీ అన్నాను. ఆ రోజు అబద్ధమాడానని కూడా అన్నాను.

అనుమానం వచ్చి అడిగిన ఆ పెద్దాయనే లేచి, ఒక్కొక్క పొక్కూ దగ్గరకొచ్చి చూసి, నా కుర్రాళ్ల వైపు తిరిగి, "ఏటి సూత్తన్నారు? గురువు కర్రలట్టుకెల్లి పాకలో ఎట్టండి" అన్నాడు. వాళ్లు గుడ్డలు చేతికి చుట్టుకుని కర్రలు మోశారు. అందరికంటే ముందు పరుగెత్తింది నాకు అతి ప్రియమైన శిష్యుడే. నాకు కోపం రాలేదు, హాయిగా అనిపించింది.

గురువు ఇంకా వల వదల్లేదు.

"ఎన్ని సూసుకున్నావు బావూ?" అన్నాడు.

"మూడు."

ఆయన వల పక్కన పెట్టి లేచి నా వెనక్కి వచ్చాడు. మెడ మీద జుట్టు వేలితో పైకి తోశాడు. రెండు రోజులుగా అక్కడ దురద పెడుతూనే ఉంది. చెమటకాయలని గోక్కుంటున్నాను.

"నాలుగు" అన్నాడు. "నువ్వు నా కాళ్లకి వంగినప్పుడిది."

వంగినప్పుడు మెడ మొత్తం ఆయన కర్ర కిందే ఉంది. అక్కడ ఆపి, ఆ తర్వాతే పడ్డాడాయన.

"కూకో. నీకందదు" అని నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. పడవలోంచి కొబ్బరినూనె సీసా తీసి, వేలి మీద వంపుకుని, ఆ నాలుగోదాని మీద మెల్లగా రాయడం మొదలుపెట్టాడు. వల లాగి లాగి మొద్దుబారిన వేలు అది. నాకు కన్నీళ్లు ఆగలేదు. నూనె ఇంకేదాకా ఆయన రాస్తూనే ఉన్నాడు, నేను తల వంచుకుని కూర్చునే ఉన్నాను.