చివరి పాట మీద తీర్పు

రేకు డబ్బా మూత తీస్తే ఇప్పటికీ దుబాయి సబ్బు వాసన వస్తుంది. లోపల ఉన్నవి ఉత్తరాలకు బదులు నింపి పంపుకున్న మాటల క్యాసెట్లు. సబ్బు ఏనాడో అరిగిపోయింది, వాసన మాత్రం వాటిని పట్టుకుని పోనంటుంది. మా బిడ్డ ఫోన్లో ఇంగ్లిష్ రాక్ పాటల మీద తీర్పులు రాస్తూ, ముక్కూ మొహం తెలియని వాళ్లతో వాదులాడుతూ, నీకేం ఎరుకమ్మా అంటుంది. నాకా? లక్సెట్టిపేటలో ఆ పని మొదలుపెట్టిందే నేను.

మా అన్న దుబాయిలో ఒక హోటల్లో గదులు ఊడ్చేవాడు. అందులో దిగిన దొరలు మరిచిపోయిన పాటల క్యాసెట్లను, సెలవు మీద వచ్చే ఊరివాళ్ల చేత నాకు పంపేవాడు. పదో తరగతి ఇంగ్లిష్‌తో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు గానీ, నాట్ల కాలపు ముసురులో, మక్కకంకులు కాలుతున్న పొయ్యి పక్కన కూచుని ఆ డోళ్లూ గిటార్లూ వింటుంటే ఒళ్లు జలదరించేది. విన్నదాని మీద నా తీర్పు మాటల క్యాసెట్లో నింపి పంపాలని అన్న హుకుం. మొదట అవ్వ, అంటే మా అమ్మ, బర్రె ఈనిందనీ మంచె మీదికి చిలుకలు వస్తున్నాయనీ చెప్పేది; బాపు ఒకసారి దగ్గి ఊరుకునేవాడు; మిగిలిందంతా నాదే. రెండో పాట శుద్ధ దండుగ, పాడేటోనికి పంటినొప్పి ఉన్నట్టుంది అంటూ ఎవరినీ వదిలేదాన్ని కాదు. అక్కడ రూంలో వాళ్లంతా చుట్టూ చేరి ఆ తీర్పులే వింటారట. నా పొగరు అంతా ఇంతా కాదు.

ఉన్నవి నాలుగైదు క్యాసెట్లు, అవే అటూ ఇటూ తిరిగేవి; జవాబు కూడా అదే క్యాసెట్లో వచ్చేది. ఇంటిల్లిపాదీ విని, వాడకట్టుకు వినిపించి, మళ్లీ మొదటికి తిప్పి, ఎర్ర మీట నొక్కి, అన్న మాటల మీదే చివరిదాకా మా మాటలు నింపేవాళ్లం. అక్కడ అన్నా అంతే. గల్ఫ్ మనిషి ఉన్న ప్రతి ఇంట్లో అదే రివాజు, పలక తుడిచి రాసుకున్నట్టు. మనిషి ఉన్నాడు కదా, గొంతు ఎక్కడికి పోతుందని!

ఒకసారి ఆఖరి పాట దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. తీసుకుపోయే మనిషి వాకిట్లో నిలబడి బస్సుకు తొందరపెడుతున్నాడు. సగం తీర్పుతోనే క్యాసెట్టు వెళ్లిపోయింది. అన్నం తినకుండా ఏడ్చాను, కరెంటోళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ వెంటనే వచ్చిన ఎండాకాలంలో, చేరిన క్యాసెట్లలో వేటికీ జవాబు నింపకముందే, అన్న నిద్రలో పోయాడు. గుండె ఆగిందన్నారు. ఎన్నో వారాలకు పెట్టె వచ్చింది, తెరవొద్దన్నారు, తెరవలేదు. వెంట వచ్చిన సంచిలో అంగీలు, మాకోసం కొన్న సబ్బులు, మేం పంపిన మాటల క్యాసెట్లన్నీ ఉన్నాయి.

“వాని గొంతు వెట్టు బిడ్డా,” అన్నది అవ్వ.

పెట్టాను. అన్నిట్లో మా గొంతులే, అందులోనూ నాదే ఎక్కువ. గోడకానుకుని కూచున్న తల్లి ముందు నా గొంతు గిటారోణ్ణి మెచ్చుకుంటుంది, డోలోణ్ణి వెక్కిరిస్తుంది. ఛీ, దిక్కుమాలిన గొంతు! ఆపబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడో ఒక్క మాటైనా కొడుకుది దొరుకుతుందని ఆ తీర్పులన్నీ చివరిదాకా విన్నది. అన్నిటికంటే ఆఖరున పంపిన క్యాసెట్లో, ఇగ ఆఖరి పాట అన్నా, అని నేను అంటుండగానే మాట తెగింది. ఆ వెనక, కరెంటు పోయి నేను చెరపలేకపోయిన చోట, అన్న పాత జవాబు తోక మిగిలి ఉంది.

“...నువ్వైతే జెప్పుడు బందు వెట్టకు చెల్లె. ఎంత పొడుగు జెప్తే గంత మంచిది. గీడ మస్తు ఉడ్కవోస్తుంది, ఇగ...”

అంతే. అవ్వ మళ్లీ పెట్టమన్నది.

క్యాసెట్టు వెనకవైపు ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిస్తే దాని మీద మళ్లీ నింపరాదని దుకాణం అతను బాపుకు చెప్పాడట. బాపు కత్తిమొనతో అన్నిటివీ విరిచేశాడు, ఖాళీ వాటివి కూడా.

ఇప్పుడు అవ్వ లేదు, బాపు లేడు. వాడకట్టులో ఏ ఇంట్లోనూ టేప్‌రికార్డర్ లేదు. దుబాయి నుంచి ముఖాలే ఫోన్లోకి వస్తున్నాయి. ఆనాటి పాటలను మా బిడ్డ ఎక్కడో వెతికి పట్టుకుంది. మొన్న ఇద్దరం కూచుని ఆఖరి పాట దాకా విన్నాం. ఎట్లుందమ్మా అని అడిగింది. చెప్పలేదు. చెబితే నా మాట అన్న గొంతు మీద పడుతుందని భయం.