వార్తల రష్యన్

ఆ వారం టైలరు మాస్టరు ఒకే చొక్కాకి రెండు ఎడమ చేతులు కత్తిరించాడు. కత్తెర పట్టిన ఇన్నేళ్లలో అతని చేతిమీదుగా అలాంటి పొరపాటు జరగలేదు. మిషన్ల దగ్గర కూర్చున్న ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు గానీ నవ్వలేదు. మాస్టరు మనసు ఎక్కడుందో వాళ్లకి తెలుసు.

అతని భార్య నర్సు. రెండేళ్ల కిందట రష్యన్ మాట్లాడే దేశంలో ఒక ఆసుపత్రికి పనికి వెళ్లింది. బయల్దేరే రోజున సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతూ అతని దగ్గర మాట తీసుకుంది.

"అక్కడ ఏం జరిగినా నన్ను వచ్చెయ్ అనొద్దు. మీరంటే నేను వచ్చేస్తాను. అందుకే అనొద్దు."

పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నాడు. పెద్ద ఆసుపత్రిలో శిక్షణ సగంలో వదిలేసి ఆమె వచ్చేసింది. ఎందుకు పిలిచాడో ఇప్పుడు అతనికే గుర్తులేదు, అంత చిన్న సంగతి. ఆమె ఏనాడూ దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేదని అతను చాలాసార్లు అనుకున్నాడు.

ఇప్పుడు ఆ దేశం అట్టుడికినట్టు ఉడికిపోతోంది. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ఇక్కడంతా బాగానే ఉందంటుంది. జ్వరం నూట మూడున్నా రోగితో కొంచెమే ఉందని చెప్పే వృత్తి ఆమెది. ఆ మాట ఎలా నమ్మడం? ఇంట్లో అత్తగారు మరో పక్కనుంచి పోరుతోంది. ఆవిడది ఒకటే పాట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, నువ్వొక్క మాటంటే నా కూతురు రేపే విమానం ఎక్కుతుంది, నీ నోట్లో ఏం అడ్డం పడింది అల్లుడూ అని. మాస్టరు చెప్పులేసుకుని షాపుకి వచ్చేసేవాడు.

అలాంటి రోజుల్లోనే దుబాసీ ప్యాంటు నడుం వదులు చేయించుకోవడానికి వచ్చాడు. దుబాసీ అన్నది వీధి పెట్టిన పేరు. పరాయి దేశాల రేడియోలు విని వార్తలు అనువదించే ఆఫీసులో, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉద్యోగం మొత్తం రష్యన్ వింటూ గడిపి రిటైరయ్యాడు. మాస్టరు టేపు మెడలో వేసుకుని, ఉన్నదున్నట్టు అడిగేశాడు. అక్కడ గొడవ ఎంతదాకా వచ్చిందో తనకి తనే తెలుసుకోవాలి, ఏ మాట వినపడితే భార్యని పిలిచేయాలో చెప్పమన్నాడు. కొలత లేకుండా గుడ్డ కొయ్యని మనిషి మరి. భయానికి కూడా కొలత కావాలన్నాడు.

దుబాసీకి ప్రాణం లేచొచ్చింది. రిటైరయ్యాక ఆయన్ని రష్యన్ గురించి అడిగినవాళ్లే లేరు. కటింగ్ టేబులు అంచున సుద్దముక్కతో, తెలుగు అక్షరాల్లో, కింద నుంచి పైకి మెట్లు మెట్లుగా రాయించాడు. అడుగున జబాస్తోవ్కా, అంటే సమ్మె. దాని మీద బెస్పర్యాద్కి, అల్లర్లు. ఆపైన కమెందాంత్‌స్కీ చాస్, కర్ఫ్యూ. ఆపైన మ్యతేజ్, తిరుగుబాటు. అన్నిటికన్నా పైన పెరెవరోత్, ప్రభుత్వాన్ని కూలదోయడం. ఆ మెట్టు దాకా వస్తే ఇక ఆలోచించొద్దు, పిలిచెయ్ అన్నాడు.

మాస్టరు ఆ మాటలు నోట్లో నానబెట్టుకున్నాడు. కాజాలు కుడుతూ వల్లించాడు, ఇస్త్రీ చేస్తూ వల్లించాడు. ఒక గుమస్తాకి కొలతలు తీస్తూ, "నడుము ముప్పై ఆరు, బెస్పర్యాద్కి" అని గట్టిగా చెప్పాడు. ఆ గుమస్తా అది కొత్త రకం గుడ్డ అనుకుని మీటరెంతని అడిగాడు. ఫోన్లో రష్యన్ వార్తలు పెట్టుకుని, పారే నీళ్లలో తెలిసిన చేప కోసం చూసినట్టు ఆ అయిదు మాటల కోసం చెవులు రిక్కించి కూర్చునేవాడు. మొదట సమ్మె దొరికింది. తర్వాత అల్లర్లు. కర్ఫ్యూ వినపడ్డ రోజు అన్నం సహించలేదు.

ఆ తర్వాత ఆమె ఫోన్ మూగబోయింది. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా షాపుకీ ఇంటికీ మధ్య తిరిగాడు. మూడో రోజు మధ్యాహ్నం వార్తల్లో పెరెవరోత్ అన్న మాట వినిపించింది. ఒకసారి కాదు, ఊపిరి తిరగనివ్వకుండా మళ్లీ మళ్లీ.

దుబాసీని పిలిపించాడు. ఆమె అద్దెకుంటున్న ఇంటి ముసలావిడ ల్యాండ్‌లైన్ నంబరు ఒకటుంది, అవసరం పడితేనే చెయ్యమని భార్య ఇచ్చింది. ఆ ముసలావిడకి రష్యన్ తప్ప ముక్క రాదు. ఎన్నోసారో గానీ లైను కలిసింది. అటునుంచి గొంతు వినపడగానే మాస్టరు ఫోన్ దుబాసీ చేతిలో పెట్టాడు. ఆయన పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేసి, తల వంచుకుని చెప్పాడు.

"నేను వినడమే బాబూ. జీవితంలో ఒక్క రష్యన్ మనిషితో మాట్లాడింది లేదు."

చేసేది లేక మాస్టరే మాట్లాడాడు. భార్య పేరు చెప్పాడు. ఆ తర్వాత ఏం అనాలి? ఎలా ఉంది అనడం రాదు, ఇంట్లో ఉందా అనడం రాదు. వచ్చినవి అయిదే. "కమెందాంత్‌స్కీ చాస్?" అన్నాడు. "మ్యతేజ్?" అన్నాడు. ముసలావిడ ఏదో కంగారుగా అడిగింది. గుండె చిక్కబట్టుకుని, "పెరెవరోత్" అన్నాడు. రిసీవరు ఠప్పున కింద పడింది. దూరంగా కేకలు, పరుగులు, నేలమీద బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడు. మాస్టరు టేబులు పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి రిసీవరు ఎవరో తీశారు. భార్య గొంతు.

"ఏమండీ, ఆవిడకేం చెప్పారు? తిరుగుబాటు వాళ్లు మన వీధిలోకే వచ్చేశారనుకుని బీరువా తలుపుకి అడ్డం పెట్టింది. గిన్నెలన్నిటినిండా నీళ్లు పడుతోంది. చిన్నప్పుడు ఇలాంటివి చూసిందట పాపం."

గొడవంతా రాజధానిలోనట. వాళ్ల ఊళ్లో సెల్‌ఫోన్లు మాత్రమే పోయాయట. వార్డులో మనుషులు చాలక రెండు డ్యూటీలు చేసి వచ్చి ఇప్పుడే పడుకుందట. చెప్పి, ఆమె ఆగింది. అతను ఎందుకు చేశాడో ఆమెకి తెలియనిది కాదు. ఆమె ఊపిరి వినపడుతోంది. చేతికిందే టేబులు మీద అన్నిటికన్నా పై మెట్టు ఉంది. దుబాసీ చెప్పిన కొలత దాటిపోయింది. వచ్చెయ్ అన్న ఒక్క మాట పని. అన్నాడంటే ఆమె వచ్చేస్తుంది.

మాస్టరుకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"తిన్నావా?" అన్నాడు.

"ఇంకేం చెప్పాలని లేదా?" అందామె.

"ఉంది. చెప్పను."

ఈసారి ఏడ్చింది ఆమె. వెనక నుంచి ముసలావిడ వచ్చి రిసీవరు లాక్కుంది. మాస్టరుకి ఏదో చెప్పసాగింది, చంటిపిల్లని జోకొట్టే గొంతుతో, నెమ్మదిగా, చాలాసేపు. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. తన అయిదు మాటల్లో ఒక్కటీ అందులో లేదు. ఫోన్ దుబాసీ చెవి దగ్గర పెట్టి, ఏమంటోందండీ అని అడిగాడు.

దుబాసీ కళ్లు మూసుకుని, పాత అలవాటుగా చెవిమీద చెయ్యి ఆనించి, చివరిదాకా విన్నాడు.

"తెలియడం లేదు బాబూ," అన్నాడు. "ఈ మాటలు వార్తల్లో ఎప్పుడూ రాలేదు."